పీఆర్ వచ్చిన ఉద్యోగికి జీతం పెంచాను, ప్రభుత్వం డబ్బు ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న (2025 నవంబర్): సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు దగ్గర మాకు చిన్న కిరాణా షాపు ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఫారిన్ వర్కర్లు ఎవరూ లేరు. మా దగ్గర బిల్లింగ్ చూసే అమ్మాయికి 2024 సెప్టెంబర్ 18న భర్తతోపాటు పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. అక్టోబర్ 1న నెలకు 2,200 డాలర్ల జీతానికి చేరింది. ఆ డిసెంబర్‌లో అందరితోపాటు తనకీ 600 బోనస్ ఇచ్చాం. 2025 జనవరి నుంచి జీతం 2,350 చేశాం. ఈ డిసెంబర్‌లోనూ 600 బోనస్ ఇద్దామనుకుంటున్నాం. పీఆర్ వాళ్ళు కూడా లోకల్ కిందే లెక్క కాబట్టి పెంచిన జీతంలో 40 శాతం ప్రభుత్వం వెనక్కి ఇస్తుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. ఎంత వస్తుంది? ఎక్కడ అప్లై చేయాలి? ఇంకో సంగతి. మొన్న అక్టోబర్ జీతం ఆ అమ్మాయి చేతికి 1,998 వచ్చింది. "జీతం పెంచారు కదన్నా, మరి రెండు వేలు కూడా రాలేదేంటి?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. తనకు నేరుగా ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా?

జవాబు: మీకు చెప్పినాయన స్కీమ్ గురించి తప్పు చెప్పలేదు. ప్రోగ్రెసివ్ వేజ్ క్రెడిట్ స్కీమ్ సిటిజన్లకూ పీఆర్లకూ ఇద్దరికీ వర్తిస్తుంది, 2025లో ప్రభుత్వం వాటా 40 శాతమే. కానీ మీరు రాసిన అంకెలతో లెక్క వేస్తే ఈ ఏడాదికి మీకు వచ్చేది సున్నా. దానికి కారణం ఆమె పీఆర్ కాదు, 2024 డిసెంబర్‌లో మీరిచ్చిన బోనస్. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. పీఆర్ కొత్తగా వచ్చినవాళ్ళను పనిలో పెట్టుకున్న చిన్న యజమానులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 2020లో కోవిడ్ సమయంలో జాబ్స్ సపోర్ట్ స్కీమ్ నడిచింది. అప్పుడు జీతం పెంచారా లేదా అని ఎవరూ అడగలేదు. లోకల్ ఉద్యోగి ఉంటే చాలు, నెల జీతంలో మొదటి 4,600 డాలర్ల మీద 75 శాతం దాకా ప్రభుత్వం ఇచ్చింది. ఆ స్కీమ్ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడున్న స్కీమ్‌లో ప్రభుత్వం పంచుకునేది జీతాన్ని కాదు, పెంచిన భాగాన్ని మాత్రమే. అదీ 2025, 2026లలో సగటు గ్రాస్ జీతం నెలకు 3,000 డాలర్లు దాటనివాళ్ళకు.

షరతులు మూడు. ముందటి సంవత్సరంలో ఆ ఉద్యోగికి ఒకే యజమాని నుంచి కనీసం 3 నెలల సీపీఎఫ్ (ఉద్యోగి, యజమాని ఇద్దరూ కట్టే తప్పనిసరి పొదుపు నిధి) జమ అయి ఉండాలి. పెంచిన సంవత్సరంలో కనీసం 3 నెలలు మీ పేరోల్‌లో ఉండాలి. ఏడాది మొత్తం మీద సగటు జీతం ముందటి ఏడాది సగటు కంటే కనీసం 100 డాలర్లు పెరగాలి.

మొదటి షరతులో మీరు అంచు మీద నిలబడి గట్టెక్కారు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, సరిగ్గా మూడు నెలలు. ఆమె నవంబర్ 1న చేరి ఉంటే 2024లో రెండు నెలల సీపీఎఫ్ మాత్రమే ఉండేది. అప్పుడు 2025లో ఎంత పెంచినా లెక్కలోకి వచ్చేది కాదు, 2026 దాకా ఆగాల్సిందే. పీఆర్ రాకముందు పాస్ (వర్క్ వీసా) మీద చేసిన నెలలు ఈ లెక్కకు కనిపించవు. పాస్ మీద ఉన్నవాళ్ళకు సీపీఎఫ్ కట్టం కదా. ఐదేళ్ళ నుంచి మీ దగ్గరే పనిచేస్తున్న మనిషైనా సరే, ఆయన జీతం ఈ స్కీమ్ కంటికి పీఆర్ వచ్చిన రోజునే పుట్టినట్టు.

చిక్కు మూడో షరతులో ఉంది. సగటు అంటే ఆ ఏడాది ఇచ్చిన మొత్తం జీతాన్ని సీపీఎఫ్ కట్టిన నెలలతో భాగించగా వచ్చేది. మొత్తం జీతం అంటే బేసిక్ ఒక్కటే కాదు. ఓవర్‌టైమ్, అలవెన్సులు, బోనస్, సీపీఎఫ్ కట్టాల్సినవన్నీ అందులో కలుస్తాయి. యజమానిగా మీరు కట్టే సీపీఎఫ్ వాటా మాత్రం కలవదు.

ఇప్పుడు మీ అంకెలు పెట్టి చూడండి. 2024లో మూడు నెలల జీతం 6,600, బోనస్ 600, మొత్తం 7,200. మూడుతో భాగిస్తే నెలకు 2,400. 2025లో 2,350 చొప్పున పన్నెండు నెలలకు 28,200, ఈ డిసెంబర్ బోనస్ 600, మొత్తం 28,800. పన్నెండుతో భాగిస్తే మళ్ళీ 2,400. మీరు నెలకు 150 పెంచిన మాట నిజమే, కానీ లెక్కలో పెరిగింది ఏమీ లేదు. పన్నెండు నెలల మీద పరుచుకోవాల్సిన బోనస్ 2024లో మూడు నెలల మీదే పడింది. నెలకు 50 కలపాల్సిన చోట 200 కలిపింది. ఏళ్ళ తరబడి ఉన్న ఉద్యోగికైతే ఈ సమస్య రాదు, రెండు పక్కలా పన్నెండు నెలలే ఉంటాయి కాబట్టి. మొదటి ఏడాది చివర్లో చేరిన కొత్త పీఆర్‌కు మాత్రమే వచ్చే తంటా ఇది.

ఆ 600 ఇవ్వకుండా ఉండి ఉంటే, ఈ ఏడాది కూడా బోనస్ లేకుండా ఉంటే, 2,200 నుంచి 2,350కి పెంపు 150. అందులో 40 శాతం 60 డాలర్లు, పన్నెండు నెలలకు 720. మీరు పోగొట్టుకున్నది ఇంత. చేరిన మూడు నెలలకే అందరితో సమానంగా ఆమెకు బోనస్ ఇచ్చినందుకు బాధపడకండి. మంచి పనే చేశారు. స్కీమ్ లెక్క దాన్ని ఇలా చూసింది, అంతే.

ఇప్పుడేమైనా చేయొచ్చా అంటే, చేయొచ్చు. చేయాలా అన్నది వేరే ప్రశ్న. 2025 సగటు 2,500 కావాలంటే ఏడాది మొత్తం 30,000 కావాలి, అంటే మీరు అనుకున్నదానికి ఇంకో 1,200 కలిపి డిసెంబర్ 31 లోపు 1,800 బోనస్ ఇవ్వాలి. అప్పుడు పెంపు సరిగ్గా 100 అవుతుంది, అందులో 40 శాతం చొప్పున పన్నెండు నెలలకు 480 వస్తుంది. ఇదే సగటు 2026లోనూ నిలిస్తే ఆ ఏడాదికి 20 శాతం చొప్పున ఇంకో 240. మీ చేతినుంచి పోయేది 1,200, దాని మీద మీ వాటా సీపీఎఫ్ 108. ప్రభుత్వం డబ్బు కోసమే అయితే ఈ పని వద్దని చెబుతాను. 1,308 పెట్టి 480 తెచ్చుకోవడం వ్యాపారం కాదు. ఆమె పనికి అంత బోనస్ ఇవ్వాలని మీకు ముందే ఉంటే మాత్రం, వచ్చే ఏడాదికి వాయిదా వేయకుండా ఈ డిసెంబర్‌లోనే ఇవ్వండి.

బోనస్ ఒక నెలలో ఇచ్చి ఇంకో నెలలో ఇచ్చినట్టు రాయడం, కాగితం మీద పెంచి చేతికి తక్కువ ఇవ్వడం, ఇలాంటి సలహాలు ఎవరైనా చెప్పినా వినకండి. లెక్కలు తారుమారు చేసి ఈ డబ్బు తీసుకుంటే మోసం కేసు అవుతుంది. పదేళ్ళ దాకా జైలు, జరిమానా పడొచ్చు.

నేనైతే 2026 మీద దృష్టి పెట్టమంటాను. ఇక రెండు పక్కలా పన్నెండేసి నెలలు ఉంటాయి, లెక్క సాఫీగా ఉంటుంది. 2025 సగటు 2,400 అనుకుందాం. జనవరి నుంచి బేసిక్ 2,500 చేసి, డిసెంబర్‌లో మామూలుగా 600 బోనస్ ఇస్తే 2026 సగటు 2,550. పెంపు 150, ప్రభుత్వం వాటా 20 శాతం, అంటే నెలకు 30, ఏడాదికి 360. పెద్ద మొత్తం కాదు, కానీ మీరు ఎలాగూ పెంచాలనుకున్నదాని మీద వచ్చేది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పెంచే నెల ముఖ్యం. 150 పెంపు మే 1న మొదలుపెడితే ఎనిమిది నెలలే పడుతుంది, సగటు పెంపు సరిగ్గా 100, గట్టెక్కుతారు. జూన్ 1న పెడితే 87.50, పైసా రాదు. "దీపావళికి పెంచుదాంలే" అనుకునే అలవాటు మన షాపుల్లో ఉంది. ఈ స్కీమ్ వరకు ఆ పెంపు ఆ ఏడాది లెక్కలో దాదాపు లేనట్టే.

అప్లై చేయడం అంటూ ఏమీ లేదు. మీరు నెలనెలా కట్టే సీపీఎఫ్ రికార్డు చూసి ట్యాక్స్ శాఖ ఐరాస్ వాళ్ళే లెక్క కట్టి, మరుసటి ఏడాది మొదటి మూడు నెలల్లో లెటర్ పంపుతారు. మైట్యాక్స్ పోర్టల్‌లో కూడా చూసుకోవచ్చు. డబ్బు కంపెనీ గైరో (బ్యాంకు ఆటో చెల్లింపు) ఖాతాకో, యూఈఎన్ అనే కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్‌తో కట్టిన పేనౌకో వస్తుంది. ఈ రెండింట్లో ఏదో ఒకటి పనిచేస్తోందో లేదో ఇప్పుడే చూసుకోండి. "అప్లై చేసి పెడతాం, ఫీజు ఇవ్వండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

అంతా సీపీఎఫ్ రికార్డు మీదే నడుస్తుంది కాబట్టి అక్కడ తప్పు జరిగితే ఇక్కడ పోతుంది. ప్రతి నెల సీపీఎఫ్‌కు గడువు మరుసటి నెల 14. దాటితే నెలకు 1.5 శాతం వడ్డీ. డిసెంబర్ జీతం, బోనస్‌ల సీపీఎఫ్ జనవరి 14 లోపు పడకపోతే అవి ఆ ఏడాది లెక్కలోకి రావు. కొత్త పీఆర్ విషయంలో ఇంకో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, పాత ఫిన్ (విదేశీయుల గుర్తింపు) నంబర్ మీదే పేరోల్ నడపడం. పీఆర్ వచ్చాక నీలం గుర్తింపు కార్డు మీది ఎన్ఆర్ఐసీ నంబరే వాడాలి. రెండు, పీఆర్ తేదీ తప్పుగా వేయడం. కార్డు చేతికొచ్చిన రోజు కాదు, పీఆర్ ఇచ్చినట్టు చూపే ఎంట్రీ పర్మిట్ మీద ఉన్న తేదీ వేయాలి. సీపీఎఫ్ ఆ తేదీ నుంచే మొదలవుతుంది, పీఆర్ వచ్చాక ఎన్నో ఏడాది సీపీఎఫ్ రేటు పడాలన్నదీ ఆ తేదీయే తేలుస్తుంది.

ప్రైవేట్ లిమిటెడ్ అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. మీరు షేర్‌హోల్డర్, డైరెక్టర్ రెండూ అయితే మీ సొంత జీతం పెంపు ఈ స్కీమ్‌లోకి రాదు. మీ శ్రీమతి కూడా రెండు హోదాల్లోనూ ఉంటే ఆవిడదీ అంతే.

కొత్తగా పీఆర్ వచ్చిన మనవాళ్ళలో ఈ స్కీమ్‌కు సరిపోయేవాళ్ళు ఎవరో ఒకసారి ఆలోచించండి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉండి పీఆర్ తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతం 3,000 పైనే. మధ్యస్థాయి నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే ఎస్ పాస్‌కు కావలసిన కనీస జీతమే 2025 సెప్టెంబర్ నుంచి 3,300, కాబట్టి ఆ దారిన పీఆర్ వచ్చినవాళ్ళూ సామాన్యంగా బయటే. మిగిలేది ఎక్కువగా మీ షాపులో అమ్మాయి లాంటివాళ్ళే. భర్తతోపాటు పీఆర్ వచ్చి, అప్పుడే మొదటిసారి ఇక్కడ ఉద్యోగంలో చేరిన ఇల్లాళ్ళు. 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళు ఎక్కడైనా ఉద్యోగంలో చేరాలంటే సొంతంగా వర్క్ పాస్ కావాలి. అందుకే ఎందరో చదువుకున్నవాళ్ళు కూడా పీఆర్ వచ్చేదాకా ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్ళు చేరేది కౌంటర్లలో, ట్యూషన్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో, రెండు రెండున్నర వేల జీతాలకు. స్కీమ్ సరిగ్గా ఆ జీతాల కోసమే ఉంది. యజమానులు ఆ సంగతి తెలుసుకుని జనవరిలోనే పెంచితే వాళ్ళకే మేలు.

రేపు మీరు ఎస్ పాస్ మీద ఎవరినైనా తీసుకోవాలనుకుంటే ఆమె వల్ల ఇంకో లాభం ఉంది. ప్రభుత్వం చెప్పిన కనీస లోకల్ జీతం అందుకునే పీఆర్ మీ ఫారిన్ వర్కర్ల కోటా లెక్కలో ఒక పూర్తి లోకల్ ఉద్యోగి. అయితే ఫారిన్ వర్కర్ ఒక్కరు చేరినా రిటైల్ రంగపు ప్రోగ్రెసివ్ వేజ్ నిబంధనలు మీ లోకల్ ఉద్యోగులకు వర్తిస్తాయి, కౌంటర్ ఉద్యోగి కనీస జీతం ఏటేటా ఎంతుండాలో అవే చెబుతాయి. తీసుకునే ముందు ఆ పట్టిక మానవ వనరుల శాఖ సైట్‌లో చూసుకోండి.

ఆమెకు నేరుగా వచ్చేది ఉందా అని అడిగారు. తక్కువ జీతం వాళ్ళ ఖాతాలో ప్రభుత్వం నేరుగా వేసేది వర్క్‌ఫేర్. అది సిటిజన్లకే, పీఆర్లకు లేదు. శిక్షణ కోర్సుల కోసం ఇచ్చే స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ కూడా అంతే. అరవై దాటిన ఉద్యోగుల మీద యజమానులకు వచ్చే సీనియర్ ఎంప్లాయ్‌మెంట్ క్రెడిట్ కూడా సిటిజన్లకే. పీఆర్‌గా ఆమెకు అందేది, ప్రభుత్వం గుర్తించిన శిక్షణ కోర్సుల ఫీజులో రాయితీ. అకౌంట్స్ లాంటి కోర్సు చేస్తానంటే దాని పూర్తి ఫీజు కాకుండా, పీఆర్లకు వర్తించే ఫీజు ఎంతో అడగమనండి.

ఇక ఆ 1,998 సంగతి. మీరు గానీ మీ అకౌంటెంట్ గానీ తప్పు చేయలేదు. పీఆర్ వచ్చినవాళ్ళకు సీపీఎఫ్ మొదటి రెండేళ్ళు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 55 ఏళ్ళ లోపు వాళ్ళకు మొదటి ఏడాది ఉద్యోగి నుంచి 5 శాతం, యజమాని 4 శాతం. రెండో ఏడాది 15, 9. మూడో ఏడాది నుంచి అందరిలాగే 20, 17. రేటు మారేది పీఆర్ వచ్చిన నెల ఏడాది తిరిగాక, ఆ తర్వాతి నెల ఒకటో తేదీన. ఆమెది సెప్టెంబర్ 18 కాబట్టి 2025 అక్టోబర్ 1న రెండో మెట్టు ఎక్కింది.

2,200 జీతం మీద మొదట 110 కోత పడి చేతికి 2,090 వచ్చేది. మీరు 2,350 చేశాక 117 కోత, చేతికి 2,233. అక్టోబర్‌లో కోత 352 అయింది, చేతికి 1,998. మీరు పెంచిన 150 ఆమె కళ్ళ ముందే మాయమై, మొదటి జీతం కంటే కూడా 92 తగ్గింది. ఆమె అడగడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ డబ్బు ఎక్కడికీ పోలేదని చూపించండి. సెప్టెంబర్ దాకా నెలకు ఆమె ఖాతాలో పడింది ఆమె 117, మీ 95, కలిపి 212. ఇప్పుడు ఆమె 352, మీ 212, కలిపి 564. సీపీఎఫ్ లోపలి ఆర్డినరీ ఖాతాలో 2.5 శాతం, స్పెషల్, మెడిసేవ్ (వైద్య ఖర్చుల) ఖాతాల్లో 4 శాతం వడ్డీ వస్తుంది. భార్యాభర్తలిద్దరికీ పీఆర్ వచ్చి మూడేళ్ళు నిండితే రీసేల్ హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన) ఫ్లాట్ కొనుక్కోవచ్చు, ఆర్డినరీ ఖాతా డబ్బు దానికి వాడుకోవచ్చు. పీఆర్ వదులుకుని శాశ్వతంగా ఇండియాకి వెళ్ళిపోతే మొత్తం తీసుకోవచ్చు. ఫోన్‌లో సింగ్‌పాస్ అనే ప్రభుత్వ లాగిన్‌తో సీపీఎఫ్ యాప్ తెరిచి, ఆ మూడు ఖాతాల్లో పడ్డ అంకెలు తననే చూడమనండి. మీరు చెప్పేదాని కంటే అది నమ్మకంగా ఉంటుంది.

మీ పక్క కూడా లెక్క వేసుకోండి. ఆమె జీతం 2,350గానే ఉన్నా మీకు నెలకు అయ్యే ఖర్చు 2,445 నుంచి 2,562 అయింది. 2026 అక్టోబర్ 1 నుంచి మీ వాటా 400, మొత్తం 2,750. ప్రభుత్వం నుంచి వచ్చే 360 ఎక్కడ, ఏడాదికి ఇంత ఎక్కడ. బడ్జెట్ దీని మీద వేసుకోండి, స్కీమ్ డబ్బు మీద కాదు.

ఆమెకు రాబోయే కోత కూడా ఇప్పుడే చెప్పాలి. వచ్చే అక్టోబర్‌లో 2,350 మీద కోత 470, చేతికి 1,880. జనవరిలో 2,500 చేస్తే కోత 500, చేతికి 2,000. ఇంటి అద్దె, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే డబ్బు, అన్నీ చేతికొచ్చేదాన్ని బట్టే నడుస్తాయి. ఈ మూడు ఏళ్ళ అంకెలూ ఒక కాగితం మీద రాసి, ఈ నెల పేస్లిప్‌తోపాటు ఆమెకు ఇవ్వండి.